యంత్రం ముందా, పాఠం ముందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట మన సంఘం కార్యదర్శి నాకు ఫోను చేశాడు. "అన్నా, స్వర్ణోత్సవం గుర్తుగా బడికి ఒక డిజిటల్ తరగతి గది ఇద్దామనుకుంటున్నాం. నువ్వు ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పినవాడివి, టీచర్లకు శిక్షణలు ఇచ్చినవాడివి. చదువులో టెక్నాలజీ ఎంత అవసరమో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరేనన్నాను. అయితే నేను మాట్లాడేది కొంచెం వేరుగా ఉంటుందని ముందే చెప్పాను. గది వద్దని నేను అనను. ఇవ్వాలనే అంటాను. కాకపోతే ఆ గదిలో నిలబడి పాఠం చెప్పబోయే మనిషి కోసం మనం ఏం ఖర్చు పెడుతున్నాం అన్న ప్రశ్న ఒకటి ఉంది. అది అడగడానికే వచ్చాను.

ముందుగా ఒక జ్ఞాపకం. నాతో చదువుకున్నవాళ్ళు ఈ సభలో ఏడెనిమిది మంది ఉన్నారు, వాళ్ళకు వెంటనే గుర్తొస్తుంది. మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా సైన్సు మాస్టారి దగ్గర తోలు సంచీ ఉన్న ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి ఉండేది. ఆకాశవాణిలో పాఠశాల కార్యక్రమాలు వచ్చే రోజుల్లో దాన్ని బడికి తెచ్చేవారు. పెట్టగానే పాఠం మొదలైపోతుందని మేం అనుకునేవాళ్ళం. ఆయన మాత్రం ముందు బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసేవారు. "వీటికి జవాబులు వినపడితే వేలు ఎత్తండి" అనేవారు. కార్యక్రమం అయిపోగానే టక్కున ఆపేసేవారు. తర్వాత వచ్చే సినిమా పాట కోసం మేం ఎంత బతిమాలినా వినేవారు కాదు. ఆ తర్వాత పావుగంట మాతో మాట్లాడించేవారు. రేడియో మాట్లాడినంతసేపు, మేమూ మాట్లాడాలన్నది ఆయన లెక్క.

మన ఊరి పేరు రాష్ట్రంలో అందరికీ తెలిసింది ఎందువల్ల? ఎండ వల్ల. వేసవి వచ్చిందంటే వార్తల్లో రెంటచింతల పేరు వినపడాల్సిందే. ఇక్కడ వాతావరణ శాఖ వారి పరిశీలన కేంద్రం ఉండబట్టి ఆ అంకె బయటికి వెళ్ళేది. మాకు అది గొప్పగా ఉండేది. ఒంటిపూట బడుల రోజుల్లో మాస్టారు ల్యాబు నుంచి థర్మామీటరు తెప్పించి బయట నాపరాళ్ళ మీద పెట్టమన్నారు. మధ్యాహ్నం బడి వదిలే ముందు చూస్తే అది రేడియోలో చెప్పే అంకె కంటే ఎంతో ఎక్కువ చూపించింది. "మన థర్మామీటరు అబద్ధమా, రేడియో అబద్ధమా?" అని అడిగారాయన. మేం రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నాం. రెండూ నిజమేనని, కొలిచే చోటు వేరని మాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. వాతావరణ కేంద్రంలో థర్మామీటరును నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్క పెట్టెలో నీడన ఉంచుతారు. అది గాలి వేడిని కొలుస్తుంది. మేం రాయి వేడిని కొలిచాం. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది నాకు బీఎస్సీలో కూడా పనికొచ్చింది.

ఈ రోజు సెల్‌ఫోనులో వేలు ఆడిస్తే రెంటచింతల ఎండ ఎంతో క్షణంలో తెలుస్తుంది. అంకె తెలియడం సులువైంది. "రెండు అంకెలు ఎందుకు కలవలేదు?" అని అడిగే మనిషి మాత్రం ఇప్పటికీ కావాలి. టెక్నాలజీతో పాఠం చెప్పడం అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

మిత్రులారా, చదువులోకి యంత్రాలు నిన్నమొన్న వచ్చినవి కావు. మన సంఘం పుట్టిన రోజుల్లోనే, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, మన దేశం ఒక పెద్ద ప్రయోగం చేసింది. దాని పేరు 'సైట్'. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది వాడుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. మన గుంటూరు జిల్లాకు ఆ అదృష్టం దక్కలేదు. అయితే ఆ ప్రయోగంలో జనం పెద్దగా గుర్తుపెట్టుకోని విషయం ఒకటుంది. పిల్లలకు టీవీ చూపించి ఊరుకోలేదు. బడి సెలవుల్లో సుమారు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీతో పాటు రేడియో, అచ్చు పుస్తకం, చేతులతో చేసి చూసే పనులు అన్నీ కలిపి ఇచ్చారు. అంటే యంత్రం వచ్చిన మొదటి ఏడాదే, గురువుకు చెప్పకుండా పిల్లవాడికి చెప్పలేమని ఆ పెద్దలకు తెలుసు.

తర్వాత తర్వాత ఆ తెలివి పలచబడింది. 1984లో 'క్లాస్' అనే పథకం కింద దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు వచ్చాయి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్ వచ్చింది, మన జిల్లాకు బోయపాలెంలో పెట్టారు. 2004లో ఐసీటీ పథకం, 2008 తర్వాత మన ఉమ్మడి రాష్ట్రంలో వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ గదులు. వాటితో పాటు ఐదేళ్ళ ఒప్పందం మీద బయటి నుంచి ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. ఒప్పందం ముగిసింది, వాళ్ళు వెళ్ళిపోయారు. గది మిగిలింది. ఇక్కడున్న టీచర్లు నవ్వుతున్నారు, వాళ్ళకు తెలుసు తర్వాత ఏమైందో.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

ఆ రోజుల్లో నేను రిసోర్స్ పర్సన్‌ని. పై నుంచి నాకు నేర్పితే, నేను మండల స్థాయిలో నలభై మందికి నేర్పాలి. మూడు రోజుల శిక్షణ. కంప్యూటరు ఆన్ చేయడం, ఫైలు తెరవడం, పవర్‌పాయింట్‌లో అక్షరాలు ఎగురుకుంటూ వచ్చేలా చేయడం. నలభై మందికి ఆరు కంప్యూటర్లు. వెనకున్నవాళ్ళు పేపరు చదువుకునేవాళ్ళు. చివరి రోజు అభిప్రాయ పత్రాలు నింపించాం. అందరూ 'చాలా బాగుంది' అని రాశారు. నేనూ నమ్మాను. ఒక పెద్దాయన, లెక్కల మాస్టారు, వెళ్తూ వెళ్తూ నా దగ్గరికొచ్చి, "అబ్బాయ్, మౌస్ పట్టుకోవడం బాగా చూపించావు. దాంతో భిన్నాలు ఎట్లా చెప్పాలో మాత్రం చెప్పలేదు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నేను హెడ్మాస్టరుగా వెళ్ళిన ఒక బడిలో పది కంప్యూటర్ల గది ఉంది. ఎనిమిదో తరగతిని తీసుకెళ్ళి ప్రాజెక్టరు పెట్టి పాఠం మొదలుపెట్టాను. బొమ్మ రావడం లేదు. చెమటలు పడుతున్నాయి. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ వైరు పక్క దాంట్లో పెట్టాలి సార్" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు రోషం వచ్చింది. "నువ్వు నాకు నేర్పుతావా, కూర్చో" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఆ ఏడాదంతా నా పీరియడ్లో మళ్ళీ నోరు తెరవలేదు. ఆ వైరు ఆ పిల్ల చెప్పిన చోటే పెట్టాలని నాకు సాయంత్రం తెలిసింది.

ఆ గదికి తర్వాత తాళం పడింది. కరెంటు సరిగా ఉండటం లేదని, పిల్లలు పాడుచేస్తారని, వస్తువు పోతే స్టాక్ రిజిస్టర్లో నా సంతకం ఉందని, అందరికీ చెప్పాను. అవన్నీ కొంత నిజమే. అసలు నిజం మాత్రం, పిల్లల ముందు మళ్ళీ అలా నిలబడటం నాకు ఇష్టం లేదు. మండలమంతా కంప్యూటరు శిక్షణ ఇచ్చిన నేను, నా బడిలో కంప్యూటరు గదికి తాళం వేశాను. శిక్షణల లోపం ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే వేరే నివేదిక అక్కర్లేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదులెండి. దక్షిణ అమెరికాలో పెరూ అని ఒక దేశం ఉంది. అక్కడి ప్రభుత్వం పల్లె బడుల పిల్లలకు లక్షల్లో ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనం లెక్కల్లో గానీ, భాషలో గానీ పిల్లల మార్కులు పెరిగిన ఆనవాలు లేదని తేల్చింది. 2015లో ఓఈసీడీ వారు సంపన్న దేశాల లెక్కలు తీసి, బడుల్లో కంప్యూటర్ల మీద బాగా ఖర్చు పెట్టిన దేశాల్లో చదువు చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదన్నారు. 2023లో యునెస్కో తన ప్రపంచ విద్యా నివేదిక మొత్తాన్నీ ఈ విషయానికే కేటాయించి, ఈ పనిముట్టు ఎవరి షరతుల మీద నడవాలి అని అడిగింది. వీటిని చూసి యంత్రాలు దండగని నేను అనను. నాగలి ఇచ్చినంత మాత్రాన పంట పండదు, నాగలి వద్దంటే అసలే పండదు.

మరి టీచరుకు ఏం రావాలి? 1986లో లీ షుల్మన్ అనే అమెరికా విద్యావేత్త ఒక మాట చెప్పాడు. విషయం తెలిసినవాడు వేరు, పాఠం చెప్పడం తెలిసినవాడు వేరు. ఫలానా విషయాన్ని పిల్లలు ఎక్కడ తప్పుగా అర్థం చేసుకుంటారో తెలిసినవాడు ఈ ఇద్దరికంటే వేరు, అతనే ఉపాధ్యాయుడు అన్నది దాని సారాంశం. 2006లో మన దేశం నుంచే వెళ్ళిన పున్య మిశ్రా, కోలర్ అనే సహోద్యోగితో కలిసి దీనికి టెక్నాలజీని కలిపాడు. విషయం, బోధన, యంత్రం, మూడూ ఒకదాన్నొకటి తాకే చోట టీచరు నిలబడాలి అని. మా శిక్షణల్లో మేం మూడోదాన్ని ఒక్కదాన్నే విడిగా పట్టుకుని నేర్పాం. అందుకే ఆ పెద్దాయన భిన్నాల సంగతి అడిగాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. పదో తరగతిలో విద్యుత్తు పాఠం ఉంది. ఒక బ్యాటరీకి రెండు ఒకే రకం బల్బులు వరసగా, అంటే శ్రేణిలో కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది? చాలామంది పిల్లలు 'మొదటిది' అంటారు. కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోయి, మిగిలింది రెండోదానికి వెళ్తుందని వాళ్ళ ఊహ. పొలానికి పెట్టిన నీళ్ళు ముందు మడి తాగగా మిగిలింది వెనక మడికి పోతుంది కదా, అట్లాగన్నమాట. సాగర్ కాలువ చివరి ఆయకట్టు పిల్లవాడికి ఆ ఊహ రాకుండా ఎట్లా ఉంటుంది?

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వారు 2002 నుంచి 'ఫెట్' అనే పేరుతో ఇలాంటి ప్రయోగాలను తెర మీద చేసి చూసేలా ఉచితంగా ఇస్తున్నారు. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ దాన్ని మొదలుపెట్టాడు. దాన్ని తెర మీద పెట్టి, రెండు బల్బులు కలిపి, "చూశారా, రెండూ సమానంగా వెలుగుతున్నాయి" అని టీచరు చెప్పేస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. పరీక్షలో మళ్ళీ 'మొదటిది' అని రాస్తారు. అదే టీచరు మీట నొక్కే ముందు ఆగి, "ఏది ఎక్కువ వెలుగుతుందో మీ నోటుబుక్కులో రాయండి, ఎందుకో కూడా రాయండి" అంటే కథ మారుతుంది. ముందు ఊహించాలి, తర్వాత చూడాలి, ఊహకూ చూసినదానికీ తేడా వస్తే వివరం చెప్పుకోవాలి. ఆ తర్వాత నిజం బ్యాటరీ, నిజం బల్బులు తెచ్చి చేతులతో చేయాలి. ఎందుకంటే తెర మీద బల్బులు ఎప్పుడూ సమానంగానే వెలుగుతాయి, బజారులో కొన్న బల్బులు కొంచెం తేడాగా వెలుగుతాయి. ఆ తేడా గురించి మళ్ళీ ఒక చర్చ. యంత్రం అదే, మీట అదే. నొక్కే ముందు ఆగిన ఆ రెండు నిమిషాలే పాఠం. మా మాస్టారు రేడియో పెట్టే ముందు రాసిన మూడు ప్రశ్నలు ఇవే కదా!

ఆ రెండు నిమిషాలు ఆగడం మూడు రోజుల శిక్షణలో రాదు. 1980 ప్రాంతంలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు ఉపాధ్యాయ శిక్షణల మీద పరిశోధించి చెప్పింది ఇదే. ఉపన్యాసం వింటే విషయం తెలుస్తుంది. ఎవరైనా చేసి చూపిస్తే నమ్మకం కలుగుతుంది. శిక్షణలో చేసి చూస్తే చేయి తిరుగుతుంది. కానీ సొంత తరగతిలో అది నిలవాలంటే, అక్కడికి ఒక తోటి మనిషి వచ్చి, చూసి, మాట్లాడి, మళ్ళీ రావాలి. మన శిక్షణల్లో మొదటి మూడూ ఏదో ఒక మేరకు ఉన్నాయి. నాలుగోది లేదు. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి బడికి వచ్చేసరికి మజ్జిగలో నీళ్ళు పోసుకుంటూ వచ్చినట్టుంటుంది.

2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మంచి పాఠాలే. మన పల్నాటి పల్లెలో నాకు తెలిసిన ఒక టీచరమ్మ, ఎస్జీటీ, ఒక పని చేసింది. ఏ పిల్లవాడి ఇంట్లో టీవీ ఉంది, ఎవరి ఇంట్లో లేదు, ఎవరి నాన్న ఫోను రాత్రి ఎనిమిదికి పొలం నుంచి ఇంటికొస్తుంది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. వీడియోలు పంపితే డేటా అయిపోతుందని, రెండు నిమిషాల గొంతు సందేశాలు పంపేది. "ఒరే, ఇవాళ మీ అమ్మ మిరపకాయలు ఎన్ని బస్తాలు ఎండబోసిందో లెక్క చెప్పు" అని. పిల్లలు గొంతుతోనే జవాబు పంపేవాళ్ళు. ఆమెకు ఏ శిక్షణా లేదు. తన పిల్లలు తెలుసు, తన పాఠం తెలుసు, ఫోను ఎంతవరకు పనికొస్తుందో తెలుసు. బడులు తెరిచాక మేం ఆమెను ఏ శిక్షణకూ రిసోర్స్ పర్సన్‌గా పిలవలేదు. అదీ మా తెలివి.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి? 2017 సెప్టెంబరు 5న మొదలైన 'దీక్ష' ఉంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. 2019లో మొదలైన 'నిష్ఠ' శిక్షణలు ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు నేర్చుకోవాలంటోంది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ళ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ తర్వాత తరగతి గదుల్లోకి పెద్ద తెరలు వచ్చాయి. కాబట్టి సామాను కొరత అనే మాట మునుపటంత గట్టిగా చెప్పలేం. గంటలకైతే కొరత లేదు, సర్టిఫికెట్లకూ లేదు. నేనూ ఒక ఆన్‌లైన్ శిక్షణలో వీడియో నడుస్తుండగా పక్కన పెట్టి భోజనం చేసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ణే.

ఈ మధ్య కృత్రిమ మేధ వచ్చింది. మా మనవడు ఫోనులో పెట్టిస్తే నేనూ ఒక ప్రశ్న అడిగాను, పల్నాటి యుద్ధం మీద పిల్లలకు ఒక పేజీ పాఠం రాయమని. చక్కటి తెలుగులో రాసింది. అందులో బ్రహ్మనాయుడిని గురజాలలో నలగామరాజు కొలువులో కూర్చోబెట్టింది, నాగమ్మను మాచర్లకు పంపింది! మన ఊళ్ళో రెండో తరగతి పిల్లవాడు కూడా నవ్వుతాడు. తప్పు దొరికింది కదా అని సంతోషించాను. అంతలోనే భయం వేసింది. పల్నాడు నాకు తెలుసు కాబట్టి పట్టుకున్నాను. నాకు తెలియని విషయం అడిగి ఉంటే అంత చక్కటి తెలుగును నమ్మేవాణ్ణే. టీచరుకు సొంత విషయం గట్టిగా రావలసిన అవసరం ఈ యంత్రాలతో ఇంకా పెరిగింది, తగ్గలేదు.

ఇక మన గది సంగతికి వస్తాను. నేను రెండు రోజులు ముందే ఊరికి వచ్చాను. ఇక్కడి ఉపాధ్యాయులను కొందరిని కలిసి, "సంఘం వాళ్ళు గది ఇస్తామంటున్నారు, మీకేం కావాలి?" అని అడిగాను. ఆ ప్రశ్న వాళ్ళను అంతకుముందు ఎవరూ అడగలేదట. మనమూ అడగలేదు. ఒక సైన్సు మేడమ్, "సార్, మా ఎండకు తెర మీద ఏమీ కనపడదు, ముందు మంచి కర్టెన్లు కావాలి" అంది. తెలుగు పండితులు, "నాకు తెలుగు టైపు రావాలి. పాత డీటీపీ ఫాంట్లలో చేయించుకున్న ప్రశ్నపత్రాలు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. యూనికోడ్‌లో నేనే చేసుకుంటే ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు" అన్నారు. ఇంకొకాయన చాలాసేపు మాట్లాడలేదు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "పిల్లల ముందు చేతకానివాడిలా నిలబడతానేమోనని భయం సార్" అన్నారు. ఆయన పేరు చెప్పను. ఆ మాట నాది కూడా. నా చేత ఆ గదికి తాళం వేయించింది ఆ భయమే.

అందుకని సంఘం ముందు నా మనవి కొన్ని మాటల్లో.

మనం పోగుచేసే ప్రతి మూడు రూపాయల్లో రెండు గదికి, సామానుకు పెడదాం. మూడో రూపాయి ఉపాధ్యాయుల కోసం మూడేళ్ళపాటు ఉంచుదాం.

మొదటి ఏడాది ఏ టీచరునూ అన్ని పాఠాలూ తెర మీద చెప్పమని అడగొద్దు. పిల్లలకు కొరుకుడుపడని ఒక్క పాఠాన్ని ప్రతి టీచరూ ఎంచుకోవాలి. దానికి యంత్రం పనికొస్తుందా, నల్లబల్లే చాలా అన్నది టీచరే తేల్చాలి. నల్లబల్ల చాలంటే అది కూడా మంచి నిర్ణయమే. కరెంటు పోతే ఆ పాఠం ఎట్లా నడుస్తుందో ముందే రాసుకోవాలి.

ఆ పాఠం చెప్పేటప్పుడు తోటి టీచరు ఒకరు వెనక బెంచీలో కూర్చోవాలి. మార్కులు వేయడానికి కాదు. పిల్లల ముఖాలు చూడటానికి. దానికి వారంలో ఒక పీరియడు ఖాళీ కావాలి, హెడ్మాస్టరు గారు టైంటేబుల్లో అది చూపించాలి. డబ్బు కంటే ఇదే కష్టమని నాకు తెలుసు. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల టీచర్లకు కూడా, స్కూల్ కాంప్లెక్సు సమావేశాల రోజున, ఈ గది తలుపు తెరిచి ఉంచాలి.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో కంప్యూటరు ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు వచ్చి టీచర్లకు పాఠం చెప్పడం నేర్పొద్దు. అది వాళ్ళకు వచ్చు. వైరు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక టీచరు ఫోను చేస్తే విసుక్కోకుండా చెప్పే పదిమంది పేర్లు, నంబర్లు ఆ గది గోడ మీద అంటించండి. చాలు.

చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. పాఠం చెబుతుండగా వస్తువు పాడైతే బాగుచేయించే ఖర్చు సంఘానిదేనని, ఏ టీచరు జీతం నుంచీ, ఏ పిల్లవాడి నుంచీ వసూలు చేయరాదని, ఒక కాగితం రాసి సంతకాలు పెట్టి హెడ్మాస్టరు గారికి ఇద్దాం. ఆ కాగితం ఉంటే గదికి తాళం పడదు.

ఏడాది తర్వాత మనం లెక్క అడిగేటప్పుడు తెర ఎన్ని గంటలు వెలిగింది అని అడగొద్దు. పాఠానికి ముందు 'మొదటి బల్బు' అని రాసిన పిల్లల్లో ఎంతమంది తర్వాత తమ జవాబు మార్చుకుని, ఎందుకు మార్చుకున్నారో చెప్పగలిగారు అని అడుగుదాం.

ముగించే ముందు మళ్ళీ ఆ రేడియో దగ్గరికి వస్తాను. ఒక రోజు మాస్టారు దాన్ని తరగతికి తీసుకెళ్ళమని నాకిచ్చారు. వరండాలో పరుగెత్తబోయి కింద పడేశాను. వెనక మూత ఊడి, బ్యాటరీలు దొర్లిపోయాయి. నా ప్రాణం పైకి పోయింది. ఆయన వచ్చి కింద కూర్చుని, "సరే, ఎట్లాగూ తెరుచుకుంది కదా, లోపల ఏముందో చూద్దాం రండి" అన్నారు. తరగతి తరగతంతా చుట్టూ చేరింది. ఆ రోజు పాఠం అదే అయింది. సాయంత్రానికి దారం కట్టి మూత బిగించారు, అది మళ్ళీ మాట్లాడింది.

ఆయన అంత ధైర్యంగా ఎట్లా ఉండగలిగారా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. నేను హెడ్మాస్టరునై ఆ గదికి తాళం వేశాక తెలిసింది. ఆ రేడియో బడిది కాదు, ఆయన సొంతం. ఏ రిజిస్టర్లోనూ దాని పేరు లేదు. పగిలితే ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. అందుకే మా చేతికిచ్చారు.

మనం ఇవ్వబోయే గదిలో ప్రతి వస్తువు మీదా మన సంఘం పేరు రాయిస్తాం కదా. రాయించండి. దాన్ని వాడే టీచరుకు మాత్రం అది తన సొంతం అనిపించేలా ఇవ్వండి. నేను ఆ రోజు కూర్చోమన్న అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఈ బడిలో అలాంటి పిల్ల లేచి "సార్, వైరు పక్క దాంట్లో పెట్టాలి" అన్నప్పుడు, "రా తల్లీ, నువ్వే పెట్టు" అనగలిగే గురువు ఆ గదిలో ఉండాలి. మన స్వర్ణోత్సవానికి అంతకంటే గుర్తు ఏముంటుంది?